దేవుడి మూలలో నల్ల చదరం

మా మావయ్య ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాడు. ఈమధ్య కుడికంట్లో శుక్లం తీయించుకుని పదిరోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళాడు. నేను ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నా రాతబల్ల పైన గోడకి మలేవిచ్ ‘నల్ల చదరం’ అచ్చుప్రతి ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను. కంటికట్టు విప్పిన రోజు సాయంత్రం ఆయన చూపు దాని మీద పడింది. అప్పుడు మొదలైన వాదన ఆయన బస్సెక్కే దాకా తెగలేదు. కాఫీల దగ్గరా భోజనాల దగ్గరా ముక్కలు ముక్కలుగా నడిచిన ఆ మాటల్లో గుర్తున్నవి ఇక్కడ పెడుతున్నాను. ఆయన మాటకి నేను బదులు చెప్పలేకపోయిన చోట్లు కూడా ఉన్నాయి. వాటినీ ఉంచాను.

మావయ్య: ఏమే, కొత్త చూపుతో నేను చూడవలసిన బొమ్మ ఇదా? దీనికి అద్దం కూడానా?

నేను: ఇది కజిమీర్ మలేవిచ్ 1915లో వేసింది మావయ్యా. అసలు బొమ్మ మాస్కోలో ట్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. ఎటు కొలిచినా 79.5 సెంటీమీటర్లు.

మావయ్య: కొలతలు అడగలేదు, ఇందులో ఏముందని అడుగుతున్నాను. ఆరో తరగతి పిల్లలకి మొదటి రోజు నేను నేర్పేది చదరమే. మర్నాడు దాన్ని పెట్టె చేయించేవాణ్ణి. ఆ పెట్టె ఇల్లయ్యేది. ఇంటి ముందు ఓ మనిషిని నిలబెట్టించేసరికి ఏడాది గడిచేది. ఈయన మొదటి రోజు పాఠం దగ్గరే ఆగిపోయాడు.

నేను: ఆగిపోలేదు, చివరికి అక్కడికి చేరాడు. అంతకుముందు ఆయన వరుసగా రైతుల్ని వేశాడు. రై పంట కోతల్ని, కట్టెలు కొట్టేవాణ్ణి, కత్తులు సానపట్టేవాణ్ణి వేశాడు. నువ్వు చెప్పిన ఏడాది చదువంతా ఆయన చదివినవాడే.

మావయ్య: మనిషి దాకా వెళ్ళినవాడు వెనక్కెందుకొచ్చాడు మరి?

నేను: 1913 డిసెంబరులో పీటర్స్‌బర్గ్ లూనా పార్కు థియేటర్లో ‘సూర్యుడి మీద విజయం’ అని ఒక ఒపేరా ఆడారు. మాటలు క్రుచోనిఖ్‌వి, సంగీతం మత్యూషిన్‌ది, తెరలూ దుస్తులూ మలేవిచ్‌వి. అందులో మనుషులు సూర్యుణ్ణి పట్టి బంధిస్తారు. వెలుగు ఉంటేనే కదా వస్తువుకి రూపం కనబడేది. ఆ వెలుగే వద్దనుకున్న నాటకానికి ఆయన వేసిన ఒక తెరలో చదరాన్ని ఐమూలగా రెండు ముక్కలు చేసి నలుపు, తెలుపు వేశాడు. నల్ల చదరం అక్కడే పుట్టిందని తర్వాత చెప్పుకున్నాడు, తారీఖు కూడా 1913 అనే చెప్పాడు.

మావయ్య: వేసింది 1915లో అన్నావు?

నేను: 1915లోనే. తారీఖు వెనక్కి జరిపాడు. ఆ రోజుల్లో అక్కడ అందరికీ నేనే ముందు అనిపించుకోవాలని పట్టుదల. ఈ ఒక్క విషయంలో నేను ఆయన్ని వెనకేసుకురాను.

మావయ్య: రాకు. బొమ్మ మీద తారీఖు తప్పు వేసిన కుర్రాడికి నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. సరే, దీన్ని మొదట ఎక్కడ పెట్టారు?

నేను: పెట్రోగ్రాడ్‌లో అంటే ఆ పీటర్స్‌బర్గ్‌లోనే, మార్స్ మైదానం పక్కన, నదేజ్దా దొబీచినా నడిపే గ్యాలరీలో. రష్యన్ పాత క్యాలెండరు లెక్కన 1915 డిసెంబరు 19న మొదలైంది. ‘చివరి ఫ్యూచరిస్టు ప్రదర్శన 0.10’ అని పేరు. అన్నిటినీ సున్నాకి తెచ్చి అక్కణ్ణించి మొదలుపెట్టాలని సున్నా. పదిమంది చిత్రకారులు వస్తారనుకున్నారు కాబట్టి పది. వచ్చింది పద్నాలుగు మంది. మలేవిచ్ ముప్పై తొమ్మిది బొమ్మలు పెట్టాడు, అన్నీ ఇలాంటివే, చదరాలు, పట్టీలు, శిలువలు, ఏటవాలు ముక్కలు. ఈ పద్ధతికి సుప్రిమాటిజం అని పేరు పెట్టాడు. ఈ చదరాన్ని మాత్రం గోడకి తగిలించలేదు. రెండు గోడలు కలిసే మూలన, పైకప్పు కింద, అడ్డంగా కట్టాడు.

మావయ్య: మూలనెందుకు?

నేను: రష్యన్ ఇళ్ళలో ఆ మూలని ‘క్రాస్నీ ఊగొల్’ అంటారు. ఎర్ర మూల అనీ, అందమైన మూల అనీ రెండర్థాలూ వస్తాయి. దేవుడి పటాలు అక్కడే ఉంటాయి. ఇంట్లోకి వచ్చినవాడు ముందు అటు తిరిగి దణ్ణం పెడతాడు.

ఇక్కడ మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయన రోజూ పూజ చేసే మనిషి కాడు. అయినా ఆయన ముఖం మారింది.

మావయ్య: చదరం గీసుకున్నాడు, గీసుకోనీ. పదిమంది చేతులు జోడించే చోటు ఎంచుకుని అక్కడ ఆ నలుపు పెట్టడం అహంకారం. పైగా ఏ సంవత్సరం అన్నావు, 1915? యుద్ధం జరుగుతోంది. ఆ ఎండాకాలమంతా రష్యా సైన్యం వెనక్కి నడిచిందనీ, ఊళ్ళకి ఊళ్ళు బయల్దేరి తూర్పుకి వచ్చేశాయనీ నేనూ చదివాను. అలాంటి ఏడాది చివర, చలికాలంలో, జనానికి నువ్వు చూపించేది ఇదా?

నేను: ఆ యుద్ధానికి ఆయన మనుషుల బొమ్మలు కూడా వేశాడు మావయ్యా. 1914లో చౌకగా అమ్మే రంగుల అచ్చు బొమ్మలు, వాటిని లుబోక్ అంటారు, అవి వేశాడు. వాటి కింద పద్యాలు మయకోవ్‌స్కీవి. ఒకదాంట్లో ఎర్రబట్టలు కట్టుకున్న పల్లెటూరి ఆవిడ ఆస్ట్రియా సైనికుణ్ణి పంగలకర్రకి గుచ్చి పైకి లేపుతుంది. అందులో ముఖాలున్నాయి, కాళ్ళూ చేతులూ ఉన్నాయి, నెత్తురుంది. చూసినవాడికి నవ్వొచ్చేలా వేశాడు. మనిషి పోలిక ఉన్నంత మాత్రాన బొమ్మకి మనుషుల మీద దయ ఉన్నట్టు కాదు. ఆ పని చేసిన ఏడాదికే ఆయన పోలికని పూర్తిగా వదిలేశాడు. ఆ రెంటికీ సంబంధం ఉందనే నేననుకుంటాను.

మావయ్య: ఒక చెడ్డ పోస్టరు చూపించి ముఖం మీదే నేరం మోపకు. రేపిన్ సంగతి చెప్పు. వోల్గా గట్టున పడవ లాగే కూలీలు పదకొండు మంది. వాళ్ళలో నడిమి కుర్రాడొక్కడు తలెత్తి, భుజం మీద పట్టీ సర్దుకుంటూ ఎటో చూస్తాడు. ఆ కుర్రాడి చూపు కోసం నేను ముప్పై రెండేళ్ళు ఆ బొమ్మని క్లాసుకి తీసుకెళ్ళాను. ‘సోవియట్ భూమి’లోంచి కత్తిరించి అట్టకి అంటించుకున్న బొమ్మ అది. ఆ కాగితం నునుపు, ఆ రంగులు మనకి ఇంకెక్కడ దొరికేవి? మా తరానికి రష్యా అంటే ఆ పత్రికా, విశాలాంధ్ర వాళ్ళ దగ్గర చౌకగా దొరికే ఆ పుస్తకాలూనూ. చిత్రకళంటే ఏమిటో నాకు వాటి వల్లే తెలిసింది.

నేను: ఆ పత్రికలో నల్ల చదరం ఎప్పుడైనా చూశావా?

మావయ్య: లేదు.

నేను: మలేవిచ్ తోటి చిత్రకారులవి? పొపోవా బొమ్మ? రోద్చెంకో? రొజనోవా?

మావయ్య: పేర్లే వినలేదు.

నేను: ఎలా వింటావు? అప్పుడవి గిడ్డంగుల్లో ఉన్నాయి. 1932లో స్టాలిన్ ప్రభుత్వం చిత్రకారుల సంఘాలన్నిటినీ రద్దు చేసింది. 1934 నుంచి సోషలిస్టు రియలిజం ఒక్కటే దారి అంది. ఈ చదరం దశాబ్దాల పాటు గ్యాలరీ లోపలి గదుల్లోనే ఉండిపోయింది. మాస్కోలో కెనడా రాయబార కార్యాలయంలో పనిచేసే కోస్తాకిస్ అనే గ్రీకు సంతతి ఉద్యోగి ఇలాంటి బొమ్మల్ని ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాడు. ప్లైవుడ్ మీద పొపోవా వేసిన బొమ్మ ఒకటి ఊరి బయట ఓ ఇంటి కిటికీకి అడ్డంగా కొట్టి ఉంది. కిటికీకి వేరే ప్లైవుడ్ తెచ్చిస్తేనే ఇస్తామన్నారు ఇంటివాళ్ళు. ఆయన తెచ్చిచ్చి బొమ్మ తీసుకున్నాడు. నీ అట్టమీది రేపిన్ మంచి చిత్రకారుడే మావయ్యా, కాదనను. కానీ నీ దాకా ఏ బొమ్మ రావాలో ఎవరో ముందే ఏరి పంపారు.

ఈ మాట ఆయన్ని నొప్పించింది. ఆ రాత్రి భోజనం దగ్గర ముక్తసరిగా మాట్లాడాడు. నేనన్నది నిజమే అయినా, ఒక మనిషి తను నేర్చుకున్న బడి గురించి అంత దురుసుగా వినవలసిన అవసరం లేదని ఇప్పుడనిపిస్తోంది. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే, నా అలమారలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీసి భూతద్దంతో చదువుతున్నాడు. రెండు రోజులు చదివాడు. మూడో రోజు మళ్ళీ ఆయనే ఎత్తుకున్నాడు.

మావయ్య: మీవాణ్ణి గురించి ఆ కాలంలోనే ఒకాయన రాశాడు. అలెగ్జాండర్ బెన్వా. ఆ ప్రదర్శన చూసి, ఇది తమాషా కాదు, మడోన్నా ఉండవలసిన చోట కూర్చోబెట్టిన విగ్రహం, ఈ అహంకారం అన్నిటినీ నాశనానికి తీసుకుపోతుంది అన్న అర్థంలో రాశాడు. నేనన్న మాటే.

నేను: బెన్వా దాన్ని తేలిగ్గా తీసుకోలేదు, అది నాకు నచ్చుతుంది. పిచ్చిగీత అని నవ్విపోయిన వాళ్ళకన్నా ఆయనే సరిగ్గా చూశాడు.

మావయ్య: అదలా ఉంచు. విటెబ్స్క్ సంగతి నువ్వు నాకెందుకు చెప్పలేదు? శాగల్ తన సొంత ఊళ్ళో, విప్లవం వచ్చిన కొత్తలో, బీదపిల్లల కోసం చిత్రకళా బడి పెట్టాడు. లిసిట్స్కీ అనే చిత్రకారుణ్ణి పిలిచి ఉద్యోగమిచ్చాడు. 1919 నవంబరులో మలేవిచ్ వచ్చాడు. 1920 ఫిబ్రవరి కల్లా ఉనోవిస్ అని ముఠా కట్టాడు. పిల్లలంతా చొక్కా చేతికి నల్ల చదరం కుట్టుకుని తిరిగారు. ఆ వేసవికి శాగల్ ఊరు విడిచి మాస్కో వెళ్ళిపోయాడు. క్లాసు ఖాళీ అయిపోయిన మాస్టారి సంగతి నాకు తెలుసే. నిన్న మొన్నటి దాకా నీ వెంట తిరిగిన పిల్లలు ఇవాళ పక్క గదిలో కూర్చుని నువ్వు పాతవాడివంటుంటే ఎలా ఉంటుందో తెలుసు. అన్నిటినీ సున్నాకి తెచ్చి మొదలుపెట్టడమంటే విడుదలే కదా నీ లెక్కన. చేతికి గుర్తు కుట్టుకుని గుంపుగా నడవడం విడుదల ఎలాగవుతుంది?

నేను: కాదు.

మావయ్య: గట్టిగా చెప్పు.

నేను: కాదు మావయ్యా. ఆ ముఠా అంటే నాకూ భయమే. లిసిట్స్కీ ఆ రోజుల్లో వేసిన పోస్టరు ఒకటుంది, ఎర్ర కోణం తెల్ల వలయంలోకి గుచ్చుకుపోతుంది. ‘ఎర్ర మేకుతో తెల్లవాళ్ళని కొట్టండి’ అని. తెల్లవాళ్ళంటే విప్లవాన్ని ఎదిరించిన సైన్యం. నేను పాఠంలో చూపించినప్పుడల్లా పిల్లలు దాని బలానికి ఆశ్చర్యపోతారు. కానీ ఆ బలం పంగలకర్ర బొమ్మ చేసిన పనే చేస్తోంది. ముఖం తీసేసినంత మాత్రాన బొమ్మకి శుద్ధి జరిగిపోదు. అయితే అదే లిసిట్స్కీ ఆ ఊళ్ళోనే రెండు చదరాల కథ అని పిల్లల పుస్తకం కూడా తయారుచేశాడు. 1922లో బెర్లిన్‌లో అచ్చయింది. ఒక ఎర్ర చదరం, ఒక నల్ల చదరం భూమి మీదికి దిగుతాయి. చదివేవాణ్ణి కూడా కాగితాలూ కర్రముక్కలూ తీసుకుని కట్టమంటుంది. ఆర్కిటెక్చర్‌లో చేరిన కొత్తల్లో నేను ఆ పుస్తకం చూశాకే కాగితం ఖాళీ అంటే భయం పోయింది.

మావయ్య: నాకు బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నువ్వు మాస్కో వెళ్ళి చూశావు కదా, ఏం కనబడింది?

నేను: పగుళ్ళు. ఈ అచ్చులో సరిగ్గా పడలేదు కానీ, అక్కడ నలుపంతా నెర్రెలు విచ్చి ఉంటుంది. ఎండిపోయిన చెరువులాగా.

మావయ్య: కింది పొర ఆరకుండా పై పొర వేశాడన్నమాట. నూనె రంగుతో అదే గొడవ. కింద తడి ఉంటే పైన ముందు ఆరి బిగుసుకుంటుంది, కిందది ఆరుతూ లాగుతుంది, పైది చిట్లుతుంది. పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. ఓపిక లేదు మనిషికి.

నేను: ఓపిక లేదో, ఆగలేకపోయాడో. 2015లో గ్యాలరీ వాళ్ళు ఎక్స్‌రేలు తీసి చూశారు. నలుపు కింద రెండు రంగుల బొమ్మలున్నాయి, ఒకదాని మీద ఒకటి. పగుళ్ళలోంచి ఆ రంగులు తొంగిచూస్తాయి. ఇంకొకటి, చదరం అంటాం కానీ ఏ పక్కా ఫ్రేముకి సమాంతరంగా లేదు. నలుపు కూడా ఒకే నలుపు కాదు.

మావయ్య: స్కేలు పెట్టలేదా?

నేను: చెయ్యి కనబడుతుంది.

ఆయన లేచి బల్ల దగ్గరికి వెళ్ళి ఆపరేషన్ అయిన కన్ను దగ్గరగా పెట్టి, నాలుగు అంచులూ వేలితో కొలుచుకుంటూ చూశాడు. కింది అంచు ఎడమవైపు దగ్గర వేలు కాసేపు ఆగింది.

మావయ్య: అచ్చులో ఇంతకన్నా తెలీదు.

నేను: జామెట్రీ అనగానే యంత్రం గుర్తొస్తుంది మనకి. వీళ్ళది అలాంటిది కాదు. మలేవిచ్ నాన్న పంచదార మిల్లుల్లో ఉద్యోగి. బీట్‌రూట్ పంటల ఊళ్ళల్లో, ఉక్రెయిన్‌లో పెరిగాడు. ఆడవాళ్ళు గోడలకీ పొయ్యిలకీ పూలూ గుర్రాలూ రంగుల్లో వేస్తుంటే చూస్తూ పెరిగాడు. ఇంకో సంగతి విను. 0.10 ప్రదర్శనకి ముందే, 1915 నవంబరులో, మాస్కోలో చేతిపనుల ప్రదర్శన ఒకటి జరిగింది. వెర్బోవ్కా అనే ఉక్రెయిన్ పల్లెలో నతాలియా దవీదోవా ఒక కుట్టుపని కేంద్రం నడిపేది. అక్కడి రైతు ఆడవాళ్ళు కుట్టిన వాటిలో మలేవిచ్ ఇచ్చిన నమూనాలున్నాయి. అంటే ఈ రూపాలు జనం ముందుకి మొదట వచ్చింది సూదీ దారంతో, గుడ్డ మీద. కాన్వాసు మీద కాదు.

మావయ్య: ఇది మొదటి రోజే చెప్పొద్దూ! (కాసేపాగి) నమూనా ఇచ్చినాయన పేరు చెప్పావు, కేంద్రం నడిపినావిడ పేరు చెప్పావు. కుట్టినవాళ్ళ పేర్లో?

నేను ఏమీ అనలేదు. చరిత్ర పాఠం చెప్పేవాళ్ళం ఈ బాకీ మోస్తూనే ఉంటాం.

మావయ్య: పుస్తకంలో నాకు నచ్చిన మనిషి ఒకావిడ ఉంది. పొపోవా.

నేను: ల్యుబోవ్ పొపోవా. 1921 సెప్టెంబరులో మాస్కోలో అయిదుగురు కలిసి, తలా అయిదు బొమ్మలు, 5×5=25 అని ప్రదర్శన పెట్టారు. రోద్చెంకో అందులో మూడు పలకలు పెట్టాడు. ఒకటి అంతా ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి నీలం. బొమ్మ వేయడం ఇక్కడితో అయిపోయిందన్నాడు. ఆ అయిదుగురిలో పొపోవా, స్తెపానోవా ఆ మాటకి కట్టుబడి మాస్కోలో బట్టల అద్దకం ఫ్యాక్టరీలో చేరారు. వలయాలు, గళ్ళు, చారలు, ఎదురెదురు గీతలు, అన్నీ చీటిగుడ్డల మీద అద్దించారు.

మావయ్య: గీసిచ్చి ఊరుకోకుండా రంగులు కలిపే చోటా, తయారీ నిర్ణయాల్లోనూ తమకి చోటుండాలని అడిగారట. అది పని అంటే. అంతలో 1924లో స్కార్లెట్ జ్వరం. ముందు పిల్లాడు పోయాడు, కొద్దిరోజులకే తల్లీ పోయింది. ముప్పై అయిదేళ్ళు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. చూడవే, నీకూ నాకూ పేచీ ఇక్కడ లేదు. గళ్ళూ చారలూ బట్టకి ఎక్కాయి, జనం తొడుక్కున్నారు, ఉతుక్కున్నారు. ఆ జామెట్రీకి నేను దణ్ణం పెడతాను. దాన్ని తీసుకెళ్ళి దేవుడి మూలలో కూర్చోబెట్టడమే నాకు గిట్టనిది.

నేను: మూలలో ఆ నలుపు లేకపోతే ఆ బట్ట రాదు మావయ్యా. పొపోవా 1916 నుంచి మూడేళ్ళు ఏ వస్తువునీ పోలని పలకల్ని ఒకదాని మీదికి ఒకటి జరుపుతూ బొమ్మలు వేసింది. వాటిలో రంగుకి బరువెంత, ఏటవాలు గీత కంటిని ఎటు లాగుతుంది, రెండు పలకలు తగిలిన చోట ఏమవుతుంది అనేవే ప్రశ్నలు. ఎవరికీ పనికిరాని ఆ మూడేళ్ళే ఫ్యాక్టరీలో ఆమెకి పనికొచ్చాయి. నా వృత్తిలోనూ అంతే. మలేవిచ్ 1920లలో తెల్లటి ప్లాస్టరుతో అర్కితెక్తోన్‌లు చేశాడు. ఎవరూ ఉండని, తలుపులు లేని దిమ్మలు. యాభై ఏళ్ళ తర్వాత లండన్‌లో జహా హదీద్ చదువుకునే రోజుల్లో ఒక ప్రాజెక్టుకి అందులో ఒకదాన్ని తీసుకుని థేమ్స్ వంతెన మీది హోటలుగా మార్చి గీసింది. అదే కాలంలో తాత్లిన్ అనే ఆయన ఒక గోపురం తలపెట్టాడు. 400 మీటర్లు అన్నారు, 1920లో నమూనా ఒకటి చేసి చూపించారు, కట్టనే లేదు. అయినా దాన్ని చూడని ఆర్కిటెక్టు ఉండడు. పనికొచ్చేదే వెయ్యి అని మొదటి రోజే అంటే, పనికొచ్చేది కూడా పుట్టదు.

మావయ్య: మూడేళ్ళు ఎవరికీ పనికిరాకుండా గీసుకునే తీరిక ఎవరికుంటుంది? మా పిల్లల్లో ఒక్కడికైనా ఉందా? పదోతరగతి కాగానే సైన్‌బోర్డుల షాపులో చేరేవాళ్ళు వాళ్ళు.

నేను: ఉండాలనే నా గొడవ.

ఈ చోట మేమిద్దరం అలిసిపోయాం. ఇప్పటికీ నాది నాదే, ఆయనది ఆయనదే. ఆఖరి రాత్రి ఆయన పుస్తకంలో ఒక పేజీ దగ్గర కాగితం పెట్టి తెచ్చాడు.

మావయ్య: ఇది మలేవిచ్‌దేనా? బొమ్మలో మనిషి రైతు వేషంలో ఉన్నాడు.

నేను: ఆయనదే. పీటర్స్‌బర్గ్‌లో రష్యన్ మ్యూజియంలో ఉంది. పసుపు చొక్కా మనిషి. 1928, 1932 మధ్య వేశాడు.

మావయ్య: వెనక పొలాలు పట్టీలు పట్టీలుగా ఉన్నాయి. నీ చదరాల లెక్కే. ఎర్ర ఇల్లుంది, దానికి కిటికీ లేదు. మనిషికి ముఖం లేదు. వేయడం రానివాడు కాదు కదా, ముఖం ఎందుకు వదిలేశాడు?

నేను: బొమ్మ వెనక ఆయనే రాసుకున్నాడు. శూన్యం, ఒంటరితనం, బతుక్కి దారి కనబడకపోవడం, వీటితో దీన్ని కూర్చానని. తారీఖు మాత్రం 1913 అని వేశాడు.

మావయ్య: మళ్ళీ తప్పు తారీఖా?

నేను: మళ్ళీ. చివరి రోజుల బొమ్మలు చాలావాటికి అలాగే పాత తారీఖులు వేశాడు. 1930లో ఆయన్ని అరెస్టు చేసి కొన్ని వారాలు లోపల పెట్టి ప్రశ్నలడిగారు. ఊళ్ళల్లో అప్పుడు రైతుల భూములు లాక్కుని సమష్టి వ్యవసాయంలో కలుపుతున్నారు. 1932, 33ల్లో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆయన పెరిగిన ఊళ్ళు అవి. అలాంటి రోజుల్లో, ముఖం లేని రైతు బొమ్మ వెనక, దారి లేదని రాసి, ఆ ఏటి తారీఖే వేస్తే?

మావయ్య భూతద్దం పక్కన పెట్టాడు. మొదటి రోజు తారీఖు మీద ఆయన ఎంత కోపంగా మాట్లాడాడో ఇద్దరికీ గుర్తుంది. దాని గురించి ఏమీ అనలేదు.

మావయ్య: 1933లో తన ముఖం వేసుకున్నాడు. పక్క పేజీలో ఉంది. పాతకాలపు దొరల వేషంలో, చెయ్యి చాచి. చక్కగా ఉంది పోలిక. చూశావా, మనిషి దగ్గరికే వచ్చాడు చివరికి.

నేను: కింద మూలన సంతకం చోట చూడు.

మావయ్య: (చాలాసేపు చూసి) చిన్న నల్ల గడి.

నేను: 1935 మేలో కేన్సర్‌తో పోయాడు. మంచం పైన గోడకి నల్ల చదరమే పెట్టారు. బూడిద నెమ్చినోవ్కాలో పాతిన చోట తెల్లటి దిమ్మ కట్టి దాని మీద నల్ల చదరం వేశారు.

మావయ్య: ముఖం వేయడం వచ్చినవాడు కనుకనే ఈ పసుపు చొక్కావాడికి ముఖం తీసేస్తే ఇంత నొప్పిగా ఉంది. రేపిన్ కుర్రాడి చూపు తెలిసినవాడికే ఈ ఖాళీ తెలుస్తుంది.

నేను: చదరం వేసినవాడు కనుకనే ఖాళీని అంతసేపు నిలబెట్టగలిగాడంటాను.

మావయ్య: నువ్వంటావులే.

మర్నాడు బస్టాండుకి బయల్దేరేముందు ఆయన సంచీ సర్దుకుంటూ, ఆ పసుపు చొక్కా మనిషిని పెద్దసైజులో అచ్చు తీసి పోస్టులో పంపమన్నాడు. రేపిన్ అట్ట ఇంకా ఇనప్పెట్టెలో ఉందట, దాని పక్కన పెడతానన్నాడు. నల్ల చదరం కూడా ఒకటి పంపనా అని అడిగాను. వద్దన్నాడు. మెట్లు దిగుతూ ఆగి, ఆ పగుళ్ళు సరిగ్గా కనబడే అచ్చు ఎక్కడైనా దొరికితే అప్పుడు చూద్దామన్నాడు.